చిట్టియ్యాచారి తీసిన తీగ

రాజమండ్రి మెయిన్ రోడ్డు వెనక సందులో ఒకప్పుడు తెల్లవారేసరికి నలభై కుంపట్లు రాజుకునేవి. చిట్టియ్యాచారికి ఊహ తెలిసేనాటికే ఆ బొగ్గు వాసన ఒంటికి పట్టేసింది. పదేళ్ళ వయసులో తండ్రి ఆయన్ని బడి మానిపించి కమ్మచ్చు ముందు కూర్చోబెట్టాడు. కమ్మచ్చంటే వరసగా బెజ్జాలున్న ఉక్కు పలక. వెండి కడ్డీని పెద్ద బెజ్జంలోంచి చిన్నదాంట్లోకి, దాంట్లోంచి ఇంకా చిన్నదాంట్లోకి పట్టకారుతో లాగుతూ పోతే, అది సన్నబడి సన్నబడి చివరికి తీగవుతుంది.

"చేత్తో లాగకురా, ఊపిరితో లాగు," అనేవాడు తండ్రి.

ఊపిరి బిగబట్టి లాగితే తీగ తెగుతుంది. వదులుతూ లాగితే సాగుతుంది. ఆ ఒక్క సంగతి చేతికి ఎక్కడానికి మూడేళ్ళు పట్టింది. ముప్పయ్యేళ్ళు వచ్చేసరికి, సన్న తీగ అల్లిక పనంటే చిట్టియ్యాచారే అన్నారు. కుంకుమ భరిణెలకీ, దేవుడి మకరతోరణాలకీ తీగ పని చేయించుకోవడానికి అమలాపురం నుంచి కూడా వచ్చేవారు.

అయితే వెండి పనివాడికి ఒక దిగులుంది. చేసిందేదీ మిగలదు. పట్టీలు అరిగిపోతాయి, భరిణె సొట్టపోతుంది, ఇంట్లో అవసరం వస్తుంది, షాపుకి పట్టుకెళ్ళి మార్చేస్తారు. అక్కడ మూసలో పడి కరిగిపోతుంది. చిట్టియ్య జీవితమంతా చేసిన పనిలో తన ఇంట్లో ఉన్నది భార్య సుబ్బాయమ్మ కాలి మెట్టెలు మాత్రమే. వాళ్ళకి పిల్లల్లేరు.

తొంభైలు సగమయ్యేసరికి మిషన్ల మీద చేసిన సామాను ఊళ్ళోకి దిగింది. సందులో కుంపట్లు ఒకటొకటే ఆరాయి. కొందరు ఆటోలు తోలారు. కొందరు బట్టల షాపుల్లో చేరారు. ఒకరిద్దరు ఏ దారీ తోచక ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళ పేర్లు సందులో ఎవరూ ఎత్తరు. చిట్టియ్య తన కమ్మచ్చుకి నూనె రాసి, గుడ్డలో చుట్టి అటకెక్కించాడు. 2001లో, యాభై మూడో ఏట, ఊళ్ళోనే ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా చేరాడు. పర్మనెంటు కాదు. ఏ ఏటికా ఏడు కొనసాగించే ఉద్యోగం.

అక్కడ సీనియరు అటెండరు బుల్లియ్య. నోరు ఊరుకోని మనిషి. చిట్టియ్య డబ్బాలో కుంకుడుకాయలు తెచ్చి పెట్టుకుని, గాజు సామానంతా ఆ రసంతో తోమి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తుంటే ఆటపట్టించేవాడు.

"ఏంటి ఆచారిగారూ, పెళ్ళికూతురి నగలా అవి? బీకర్లండీ బాబూ. పిల్లలు రేపు మళ్ళీ మసి చేసి పెడతారు."

"చేస్తే చెయ్యనీవయ్యా. మన చెయ్యి దాటేటప్పుడు మాత్రం శుభ్రంగా దాటాలి."

పుష్కరాలు వెళ్ళిన మరుసటి ఏడు ల్యాబులో కొత్త పని మొదలైంది. ఫణిశ్రీ అనే లెక్చరరు డాక్టరేటు చేస్తోంది. కోనసీమ అమ్మాయి. ముప్పై దాటలేదు, మాట మెత్తన. ఆవిడ గైడు రామచంద్రమూర్తిగారు ఢిల్లీకి రాసి రాసి ఒక ప్రాజెక్టు తెచ్చారు. అటెండరు జీతం కూడా అందులోంచే ఇచ్చేలా ఏర్పాటు చేసి, చిట్టియ్యని ఫణిశ్రీకి అప్పగించారు.

మొదటి రోజే బుల్లియ్య కొవ్వూరు అవతల చేపపిల్లల కేంద్రం నుంచి ఐసు డబ్బాలో మగ చేపల వీర్యం పట్టుకొచ్చాడు. చూడటానికి చిక్కటి పాలలా ఉంది. ఫణిశ్రీ దాన్ని ఉప్పు నీళ్ళలో కలిపింది. ఏవో మందులు వేసి, వడగట్టి, పైనుంచి చల్లటి స్పిరిటు నెమ్మదిగా పోసింది. రెండూ కలిసేచోట గాజు పుల్ల పెట్టి తిప్పింది. పుల్లకి తెల్లటి దారం చుట్టుకోవడం మొదలైంది. చిట్టియ్య మూసుకున్న ముక్కు వదిలేసి దగ్గరికొచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

"డీఎన్ఏ అంటారండి. ప్రాణమున్న ప్రతిదాంట్లోనూ ఉండే దారం. చేపలోనూ ఉంటుంది, మనలోనూ ఉంటుంది. దీనికి వెండిని అంటించుకునే గుణం ఉంది. సిల్వర్ నైట్రేటు నీళ్ళలో ముంచితే అందులో వెండి దీన్ని పట్టుకుంటుంది. తర్వాత ఇంకో మందు పోస్తే అది లోహంగా మారి, దారం చుట్టూ పేరుకుంటుంది."

"పటికబెల్లం దారం మీద కట్టినట్టు."

ఫణిశ్రీ గాజు పుల్ల తిప్పడం ఆపి ఆయన్ని చూసింది. "అంతేనండి. నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. సెమినార్లో ఇదే చెప్తాను."

"ఎంత సన్నం వస్తుందమ్మా?"

"తల వెంట్రుకని నిలువునా వెయ్యి పేళికలు చేస్తే అందులో ఒక పేళికంత."

"అంత బెజ్జం కమ్మచ్చులో బ్రహ్మదేవుడు కూడా కొట్టలేడు," అన్నాడు చిట్టియ్య.

"కొట్టలేరు గనకే ఈ దారం. ముందు ముందు కంప్యూటర్లలో అంతంత తీగలే కావాలట. పెద్దదాన్ని చెక్కి చిన్నది చెయ్యలేం. చిన్నదాని మీద కట్టుకుంటూ రావాలి."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళగానే సుబ్బాయమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "చేపల కంపు. బావి దగ్గర నాలుగు చెంబులు పోసుకుని మరీ రండి."

నీళ్ళు పోసుకుంటూనే ఆయన జరిగిందంతా చెప్పాడు. ఆవిడ తువ్వాలు చేతిలో పట్టుకుని విన్నది.

"కంటికి కనబడని తీగా? దానికి జీతమా? నాకు చెప్పారు సరే, సందులో ఎవరికీ చెప్పకండి. ఈయనకి మతి పోయిందనుకుంటారు."

పని అనుకున్నంత సులువు కాలేదు. దారం నీళ్ళలో ఉన్నంతసేపూ ఉండలు చుట్టుకునే ఉంటుంది. దాన్ని గాజు పలక మీద తిన్నగా పరచాలి. పలక మీద ఒక చుక్క వేసి, పైన పల్చటి గాజు బిళ్ళ మూసి, ఆ బిళ్ళని ఒకే వేగంతో పక్కకి లాగాలి. వెనక్కి తగ్గే నీటి అంచు దారాలని తనతోపాటు సాగదీసుకుంటూ పోతుంది. వేగం పెరిగితే దారం తెగుతుంది, తగ్గితే ముద్దవుతుంది. ఫణిశ్రీకి మూడు నెలలు అదే పని. వేగం ఒకేలా నిలిచేది కాదు. ఎన్ని పలకలు చేసినా ముద్దలే.

ఒకరోజు ఆవిడ బిళ్ళ కింద పెట్టేసి తల పట్టుకుంటే, చిట్టియ్య మెల్లిగా అడిగాడు.

"నేను లాగనామ్మా ఒకసారి?"

స్టూలు మీద కూర్చుని, మోచెయ్యి బల్లకి ఆనించి, గాజు బిళ్ళ అంచు పట్టుకున్నాడు. ఊపిరి వదులుతూ లాగాడు. ఎదురుగా నిలబడ్డ ఫణిశ్రీకి ఆయన చెయ్యి కదులుతున్నట్టే తెలియలేదు. బిళ్ళ మాత్రం పలక చివరికి వచ్చేసింది.

ఆ పలక మీది దారాలకి రంగు పట్టించి, కాకినాడలో ఒక ల్యాబుకి బస్సులో తీసుకెళ్ళారు. అక్కడి మైక్రోస్కోపులో రంగు పట్టిన దారం చీకట్లో పచ్చగా వెలుగుతుంది. ముందు ఫణిశ్రీ చూసింది. చూసి, పక్కకి జరిగి, "మీరు చూడండి," అంది.

చిట్టియ్య కళ్ళద్దాలు తీసి వంగాడు. నల్లటి చీకట్లో సన్నటి పచ్చ గీతలు, తాడు పట్టి వేసిన వరినాట్లలా, ఒకదాని పక్కన ఒకటి. ఒక్కటీ వంకర లేదు.

"ఇది దారమే కదమ్మా. తీగ కాదుగా."

"తీగ హైదరాబాదులోనే కనబడుతుందండి. అక్కడో మిషనుంది. దాని సూది గాజు మీద తడుముకుంటూ పోయి, ఎత్తుపల్లాలని బట్టి బొమ్మ వేస్తుంది."

"చూపులేనివాడు వేళ్ళతో తడిమి పోల్చుకున్నట్టు."

"అచ్చం అలాగే."

తిరుగు బస్సులో సామర్లకోట దాటేదాకా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "ఆ బొమ్మ నాకొకటి ఇప్పిస్తారామ్మా? కాగితం మీద. దాన్ని ఎవరూ కరిగించలేరు కదా."

"మొదటి కాపీ మీదేనండి," అంది ఫణిశ్రీ.

అప్పటినుంచి చిట్టియ్య మనిషి మారాడు. సెలవు రోజున కూడా ల్యాబుకి వచ్చేవాడు. సిల్వర్ నైట్రేటు వల్ల వేళ్ళు మళ్ళీ నల్లబడ్డాయి. సుబ్బాయమ్మ ఆ వేళ్ళు చూస్తూ అన్నం వడ్డించేది. కుంపటి ఆరిపోయాక ఆయన అంత ఆకలిగా తినడం ఆవిడ చూడలేదు.

హైదరాబాదు మిషను కోసం రాసిన ఉత్తరానికి నాలుగు నెలలకి జవాబొచ్చింది. ఫిబ్రవరిలో ఒక్క రోజు ఇస్తామన్నారు. రామచంద్రమూర్తిగారు ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. "మార్చి నెలాఖరుకి బొమ్మ పంపితే ప్రాజెక్టు ఇంకో రెండేళ్ళు నడుస్తుంది. లేకపోతే అక్కడితో సరి. ఇంకో తారీఖు అడిగినా వచ్చే ఏడు దాకా ఇవ్వరు," అన్నారు.

పన్నెండు పలకలు తయారుచేశారు. అన్నిటి మీదా దారం పరిచింది చిట్టియ్యే. వెండి పట్టించింది ఫణిశ్రీ. బయల్దేరే రోజు మధ్యాహ్నం ఆవిడ సెలవు చీటీ ఇచ్చి, రెండు క్లాసులు చెప్పి రావాల్సి ఉంది.

"ఆరిపోయాయండి, ఇంక చెయ్యాల్సిందేం లేదు. డబ్బాలో సర్ది టేపు వేసెయ్యండి. ఐదింటికి వచ్చి పట్టుకెళ్తాను," అని వెళ్ళింది.

చిట్టియ్య పలకలని కిటికీ దగ్గర వరసగా పేర్చుకున్నాడు. ప్రతి పలక మీదా సన్నటి బూడిద రంగు పొర. పైన అక్కడక్కడా నల్లటి మచ్చలు. ఆయనకి మనసొప్పలేదు. కుంపటి మీంచి దిగిన వెండి ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. కుంకుడు రసంలో మెత్తటి కుంచెతో తోమితేనే దాని తెలుపు బయటికొస్తుంది. ఆ కడుగు పడకుండా తండ్రి ఏనాడూ ఒక్క వస్తువు గడప దాటనివ్వలేదు. ఇవి హైదరాబాదు వెళ్తున్నాయి. పెద్దవాళ్ళు చూస్తారు. పాచి మొహంతో పంపుతామా?

సన్నటి తీగని ఎలా తోమాలో ఆయనకి ఒకరు చెప్పాలా? కుంకుడుకాయలు నానబెట్టి, రసం తీసి, గుడ్డలో వడగట్టాడు. ఇంటికెళ్ళి, పూర్వం భరిణెల అల్లికకి వాడిన ఉడుత వెంట్రుకల కుంచె తెచ్చుకున్నాడు. నురగలో ముంచి, ఊపిరి వదులుతూ, దారం పరిచిన వైపుకే, ఒక్కొక్క పలకనీ తోమాడు. ఎదురు తోమలేదు. మూడుసార్లు మంచి నీళ్ళు పోశాడు. బూడిద పొర పోయింది. పన్నెండు పలకలూ వెలుతురుకి అద్దాల్లా మెరిశాయి. ఇప్పుడు ఆ సూదికి తీగ తప్ప మరేదీ తగలదనుకున్నాడు. దూది మధ్య సర్ది, టేపు వేశాడు. ఫణిశ్రీ వచ్చి డబ్బా తీసుకుంది. కడిగిన సంగతి ఆయన చెప్పలేదు. దాచాలని కాదు. వంట చేసినావిడ గిన్నె తోమానని చెప్తుందా, అదీ అంతే.

ఆ రెండు రోజులూ ఆయన ఇంట్లో నిలబడలేకపోయాడు. గోడ మీద క్యాలెండరు తీసి, మేకు ఖాళీగా ఉంచాడు.

"ఇక్కడ పెడదామే ఆ ఫోటో. వీధిలోంచి కూడా కనబడుతుంది."

"ముందు రానివ్వండి," అంది సుబ్బాయమ్మ. కానీ ఆవిడే పాత దేవుడి పటం అద్దమూ చట్రమూ తుడిచి సిద్ధం చేసింది.

మూడో రోజు పొద్దున్న ఫణిశ్రీ స్టేషను నుంచి తిన్నగా ల్యాబుకే వచ్చింది. మొహం కూడా కడుక్కోలేదు. డబ్బా బల్ల మీద పెట్టి స్టూలు మీద కూర్చుంది.

"ఏం లేదండి. తొమ్మిది పలకలు చూశాం. ఉట్టి గాజు. ఒక్క గీత కూడా లేదు. అక్కడాయన నవ్వాడు. అసలు వీటి మీద ఏమైనా వేశారా అని అడిగాడు."

ఆవిడ నోటుపుస్తకం తెరిచి, వేలితో ఒక్కొక్క వరసే చదువుతోంది. తనతో తానే మాట్లాడుకుంటున్నట్టుంది. "వెండి నీళ్ళు... చీకటి గదిలోనే పెట్టాం. తర్వాత మందు. నీళ్ళు. ఆరబెట్టడం. అంతే. ఎక్కడ తప్పాను? మొదటినుంచీ ఈ పద్ధతే తప్పేమో. ఏడాది కష్టం..."

"ఆఖర్న రసం కడుగు కూడా రాసుకోండమ్మా," అన్నాడు చిట్టియ్య.

"ఏం కడుగు?"

"కుంకుడు రసమమ్మా. మీరు క్లాసుకెళ్ళినప్పుడు. బాగా నల్లగా ఉన్నాయి కదాని."

ఫణిశ్రీ వేలు కాగితం మీదే ఆగిపోయింది.

"అన్నిటికీనా?"

"అన్నిటికీనమ్మా. ఒకటి కడిగి ఒకటి వదిలేస్తామా?"

అప్పుడు ఆవిడ మొహంలోకి చూశాడు. చూశాక ఇంక ఆవిడ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆ బూడిద పొరలోనే తీగ ఉంది. అది కమ్మచ్చులోంచి తీసిన తీగ కాదు, అతుకు వేసి బిగించింది కాదు. గాజు మీద ఊరికే ఆనుకుని ఉన్నది. కుంకుడు నురగ దాన్ని లేపింది, కుంచె తుడిచింది, మంచి నీళ్ళు తూములోకి పట్టుకుపోయాయి.

ఫణిశ్రీ తిట్టలేదు. నోటుపుస్తకం మూసి, "అయితే పద్ధతి తప్పు కాదన్నమాట," అంది. అలా అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చిట్టియ్య తూము వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ గైడుగారికి చెప్పనంది. చిట్టియ్యే వెళ్ళి చెప్పాడు. రామచంద్రమూర్తిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మీరొచ్చి చెప్పారు, మీ పెద్దరికం. కానీ ఢిల్లీకి నేనేం రాయనండీ? కుంకుడు రసంతో కడిగేశామని రాయనా?"

"నా పేరు రాసెయ్యండి బాబూ."

"మీ పేరు వాళ్ళకేం తెలుసండీ," అన్నారాయన. కోపంగా కాదు, అలసటగా అన్నారు.

గడువుకి నెల రోజులు మిగిలాయి. మళ్ళీ చేద్దామంది ఫణిశ్రీ. తారీఖు లేకపోయినా పలకలు దగ్గరుంటే ఎక్కడో ఒకచోట చూపించుకోవచ్చంది. చిట్టియ్య స్టూలు మీద కూర్చున్నాడు. మోచెయ్యి ఆనించాడు. బిళ్ళ సగం దాకా వచ్చి ఆగింది. మళ్ళీ కదిలించబోతే ఎగిరి కింద పడింది. రెండోదీ అంతే. ఊపిరి లోపలికి పోతోంది గాని, వదులుదామంటే బయటికి రావడం లేదు.

"ఇవాళ వద్దులెండి," అంది ఫణిశ్రీ.

మర్నాడూ అంతే. ఆ నెలంతా అంతే. నలభై ఏళ్ళు మాట విన్న చెయ్యి ఆయనంటే భయపడింది. కాకినాడ మైక్రోస్కోపులో ముద్దలే కనబడ్డాయి. ఉద్యోగం ముగిసిన మార్చి ముప్పయ్యొకటిన బుల్లియ్య ఆయన్ని గేటు దాకా సాగనంపాడు. ఆ రోజు ఒక్క హాస్యం కూడా ఆడలేదు.

ఇంటి గోడ మీద క్యాలెండరు మళ్ళీ వచ్చింది. చట్రం అటకెక్కింది. తెగిన పట్టీలకి అతుకు వేయించుకోవడానికి ఎవరైనా వస్తే చిట్టియ్య వేసి ఇచ్చేవాడు. చాలావరకు అరుగు మీద కూర్చునేవాడు. సుబ్బాయమ్మ ఆ తీగ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే వాళ్ళతో మాట్లాడేది కాదు.

రెండేళ్ళు గడిచాక, శ్రావణమాసంలో ఒక వానరోజున ఫణిశ్రీ ఆ సందు వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు కాకినాడలో పనిచేస్తోంది. వేరే విషయం మీద డాక్టరేటు పూర్తి చేసింది. గొడుగు మూసి, సంచీలోంచి అట్ట మధ్య పెట్టిన ఫోటో తీసింది.

"మన పలకల్లో చూడనివి మూడు మిగిలాయి కదండీ. వాటిని తర్వాత పంపించాను. ఒకదాని మూల కొంచెం మిగిలి ఉందట. ఇదిగోండి, మన తీగ."

ఆవిడ గడగడా చెప్పేసింది, అప్పచెప్పినట్టు. చెప్పి, సుబ్బాయమ్మ ఇచ్చిన కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

చిట్టియ్య ఫోటోని గుమ్మం దగ్గరికి, వెలుతురులోకి పట్టుకెళ్ళాడు. గోధుమరంగు నేల మీద తెల్లటి తీగలు. పూసలు గుచ్చినట్టు గింజలు గింజలుగా వెండి. కొన్ని నిలువుగా ఉన్నాయి. కొన్ని వాటిని దాటుకుంటూ అడ్డంగా పోయాయి. అల్లిన వలలా ఉంది. నిలువు తీగ ఆరిన తర్వాత పలక తిప్పి రెండోసారి లాగితే గాని అలా రాదు. ఆయన ఏ పలక మీదా రెండోసారి లాగలేదు. ఇది ఏ దేశంలో ఎవరు చేసిన పనో.

"ఇదేనా?" అంది సుబ్బాయమ్మ ఆయన భుజం మీంచి తొంగి చూస్తూ.

"ఇదేనే," అన్నాడు చిట్టియ్య.

వచ్చి కూర్చుని, ఫోటోని ఒళ్ళో పెట్టుకున్నాడు. నల్లమచ్చలు పోయిన వేలితో ఒక అడ్డ గీతని ముట్టీ ముట్టకుండా చూపించాడు.

"మంచి పనివాడి చెయ్యమ్మా. అడ్డం లాగినప్పుడు నిలువుది ఒక్కటీ చెదరలేదు చూడండి."

ఫణిశ్రీ గ్లాసు కింద పెట్టింది. తలెత్తలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగి, గ్లాసు పక్కన నేల మీద పడ్డాయి.

"ఉండండి, పక్కింటి వాళ్ళకి చూపించుకొస్తాను. ఇన్నాళ్ళూ నవ్వారుగా," అని సుబ్బాయమ్మ కొంగు దులుపుకుని చెయ్యి చాచింది.

చిట్టియ్య ఫోటో ఇవ్వలేదు. అట్ట మధ్య మళ్ళీ జాగ్రత్తగా సర్దుతూ, "వద్దులే," అన్నాడు. "చేసిందెవరని అడుగుతారు."

సుబ్బాయమ్మకి అర్థం కాలేదు. వాన తగ్గేదాకా ఉండమని ఫణిశ్రీకి చెప్పి, ఇంకాస్త కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది.